పట్టని చేపల లెక్క

కుర్చీ వచ్చింది. నీలం ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక కిటికీ, కిటికీలో ఇంకా వెలుతురు మిగిలిన సముద్రం, అన్నీ వేళకు వచ్చి తెర మీద కుదురుగా కూర్చున్నాయి, రావలసిన పిల్ల తప్ప. పెయ్‌లాన్ హెడ్‌ఫోన్ సర్దుకుని, కెమెరాలో బాగా కనబడేలా నవ్వుముఖం పెట్టుకుని, ఆ నవ్వు ఎవరికో తెలియక మళ్ళీ తీసేసింది. “ఓవయ్? వినిపిస్తోందా?” అంది కుర్చీతో. కుర్చీ ఏం చెబుతుంది. అవతల మైకు తెరిచే ఉంది. గాలి హోరు వస్తోంది, దగ్గర్లో ఎక్కడో మేక అరిచింది, పక్క కుర్చీలోని పిల్లవాడు తన మాస్టారికి ఇంగ్లీషులో రంగుల పేర్లు అప్పజెబుతూ ఎరుపు దగ్గర బయల్దేరి పసుపు దగ్గర ఆగిపోతున్నాడు. పసుపు తర్వాత వాడికి ఎప్పుడూ ఏదీ గుర్తు రాదు. ఏడాదిగా పెయ్‌లాన్ చెవుల్లో ఓవయ్ గొంతు వెనకాల వాడి పసుపు వినబడుతూనే ఉంది, ఇవాళ ముందు గొంతు లేకపోవడంతో ఆ పసుపు ఒక్కటే మిగిలింది.

ఇవాళ మూడోసారి. పోయిన గురువారం రాలేదు, మొన్న మంగళవారం రాలేదు. మూడు పాఠాలు వరుసగా రాని పిల్ల చోటు ఇంకో పిల్లకు ఇచ్చేస్తారు, అది పద్ధతి. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, కొండల్లోనూ దీవుల్లోనూ పెద్ద తోడు కోసం ఎదురుచూసే పిల్లలు బోలెడంతమంది. ఈ గదిలో కూర్చున్న విశ్వవిద్యాలయ విద్యార్థుల్ని పెద్ద తోడు అంటారు, తెర అవతలి బడిపిల్లల్ని చిన్న తోడు అంటారు. వారానికి రెండు సాయంత్రాలు, ఒక తోడుకి ఒక తోడు. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు, తమంతట తామే పేరిచ్చారు. గదిని చూసుకునే హ్వేవెన్ అక్క ఇందాక పెయ్‌లాన్ వెనక్కి వచ్చి నిలబడి, ఖాళీ కుర్చీని చూసి, “ఏమ్మా, ఇవాళ కూడానా?” అంది. కోపంగా అనలేదు, అదే బాధ. “పాఠం అయ్యేదాకా చూద్దాం. తర్వాత మాత్రం నన్నేమీ అనకు. తూర్పు కొండల్లో ఒక పిల్లాడు రెండు నెలలుగా కాచుకుని ఉన్నాడు.” కాచుకుని ఉన్న పిల్లాడి మీద పెయ్‌లాన్‌కు ఒక్క క్షణం అసూయలాంటి కోపం వచ్చింది, వెంటనే సిగ్గేసింది, పాపం వాడేం చేశాడు. కానీ వాడు ఓవయ్ కాదు కదా. వాడు కెమెరాకు కన్ను ఆనించి “అక్కా, నీ గదిలోకి వచ్చేశా” అనడు కదా.

అలాగే అంది మొదటి రోజు. తెర నిండా ఒక కన్ను, నల్లగా, తడిగా, రెప్ప కొడుతూ. పెయ్‌లాన్ ఎన్ని పాఠాలు తయారుచేసుకుందో, ఎన్ని బొమ్మలు రంగులు వేసి పెట్టుకుందో, ఒక్కటీ పనికి రాలేదు. ఆ కన్ను వెనక్కి జరిగి తొమ్మిదేళ్ళ పిల్ల అయ్యింది, చేతిలో ఉడికిన చిలగడదుంప, తొక్కతో సహా తింటోంది. నీ పేరేమిటి అంటే “సి ఓవయ్” అంది. మా మాటలో బంగారం అని అర్థం అంది, నోటినిండా దుంపతో. మీ నాన్న పేరేమిటి అంటే “స్యామన్ ఓవయ్” అంది, అమ్మ “సినన్ ఓవయ్” అంది, తాతయ్యా నాయనమ్మా ఇద్దరూ “స్యాపెన్ ఓవయ్” అంది. పెయ్‌లాన్ బుర్ర తిరిగింది. ఓవయ్ పాపం జాలిపడి, “అక్కా, నేను పుట్టకముందు వాళ్ళకి వేరే పేర్లుండేవి. నేను పుట్టి అందరి పేర్లూ మార్చేశా” అని చెప్పింది, ఇల్లంతా తనే కట్టించినంత గొప్పగా. ఓవయ్‌ నాన్న, ఓవయ్‌ అమ్మ, ఓవయ్‌ తాత. ఆ ఇంట్లో ఎవరిని పిలిచినా ముందు ఈ పిల్లనే పిలిచినట్టు. పెయ్‌లాన్ ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి ఈ సంగతి చెబితే, చియాయీలో టిఫిను కొట్టు నడిపే వాళ్ళమ్మ పిండి కలుపుతూనే విని, “అయితే నన్ను ఇరవైయ్యేళ్ళుగా అందరూ కొట్టుగలావిడ అంటున్నారు, నీ పేరు ఎవరూ తగిలించలేదే” అని దెప్పింది.

లెక్కలంటే ఓవయ్‌కి గిట్టదు. గిట్టదు అనడం కూడా తక్కువే, సంఖ్య వినబడితే కుర్చీలోంచి జారి బల్ల కిందికి పోయేది, తెర మీద జుట్టు మాత్రం కనబడేది. ఈ పక్క బుట్టలో ఇన్ని, ఆ పక్క బుట్టలో ఇన్ని, మొత్తం ఎన్ని అంటే, “చాలా” అనేది. తప్పు కూడా కాదు. “ఎంత చాలా?” అంటే, “అందరికీ పంచి మిగిలేంత.” పెయ్‌లాన్ నవ్వాపుకోలేక మైకు మూసేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ పంచి మిగిలేంత అని రాస్తే పరీక్షలో మార్కులు వేయరు కదా, అక్కడి బడిలో పంతులమ్మ కూడా చెప్పింది, ఈ పిల్లకు తెలివి లేక కాదు, అంకె పలకడానికే ఎందుకో వెనకాడుతుంది, ఆ బెరుకు తీరిస్తే చాలు అని. అందుకే కదా పెయ్‌లాన్ శిక్షణలో చెప్పిన మాట మనసులో పెట్టుకుంది. పిల్ల బతుకులోంచి లెక్క తీయండి, రైళ్ళూ ఆపిల్ పళ్ళూ వాళ్ళకెందుకు, వాళ్ళ ఊళ్ళో ఏముందో అది అడగండి అని చెప్పారు. ఎంత బాగుంది ఆ మాట, ఇప్పుడు కూడా బాగానే ఉంది, మాటలో తప్పు లేదు. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టలేదు తను.

ఓవయ్ బతుకులో ఏముంది. పడవ ఉంది. ఒకసారి ఓవయ్ బొమ్మ వేసి కెమెరాకు చూపించింది, రెండు కొసలూ పైకి లేచిన పడవ, ఎరుపు, నలుపు, తెలుపు, ముక్కు దగ్గర కన్నులాంటి గుండ్రాలు. నాన్నదే అంది. ఆ నాన్నను పెయ్‌లాన్ ఒక్కసారి చూసింది, చూసిందంటే నడుము నుంచి మెడ దాకా. పిల్లను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు, తల తెర పైకి పోయింది, చేయి ఒకటి వచ్చి ఓవయ్ నెత్తి మీద ఆగింది, అంతే. ఆ చేతి కోసం, ఆ పడవ కోసం పెయ్‌లాన్ పోయిన వారం సోమవారం రెండు గంటలు కూర్చుని బొమ్మ గీసింది. నీళ్ళు, నీళ్ళ మీద పడవ, పడవ చుట్టూ రెక్కలు విప్పిన చేపలు. ఎగిరే చేపలు వచ్చే నెలలు ఇవి, ఊరంతా వాటి మీదే ఉంటుందని ఎక్కడో చదివింది. అసలు చదవకపోయినా నష్టం లేదు, సగం చదవడమే కొంప ముంచుతుంది. బొమ్మ కింద అందంగా రాసింది: స్యామన్ ఓవయ్ రేపు ఎనభై అయిదు చేపలు, ఎల్లుండి డెబ్భై చేపలు పట్టుకొస్తాడు, మొత్తం ఎన్ని?

పైగా చదివి వినిపించింది, మంచి గొంతుతో, నాన్న పేరు దగ్గర కొంచెం సాగదీసి. ఓవయ్ కళ్ళు పెద్దవయ్యాయి. పడవను చూసింది, చేపల్ని చూసింది, పెదాలు కదిలాయి, వేళ్ళు కదల్లేదు, అదీ విశేషం, ఏడాదిలో మొదటిసారి వేళ్ళు మడవకుండా, బల్ల కిందికి పోకుండా, “నూట యాభై అయిదు!” అని అరిచింది. హెడ్‌ఫోన్ దాటి వినబడిందేమో, గదిలో అటూ ఇటూ కూర్చున్న పెద్ద తోడులు కూడా తలలు తిప్పారు. పెయ్‌లాన్ చప్పట్లు కొట్టింది. “శభాష్! నూట యాభై అయిదు! మళ్ళీ చెప్పు!” అంది. మళ్ళీ చెప్పమంది! ఓవయ్ మళ్ళీ చెప్పలేదు. నోరు అలాగే తెరిచి ఉండగా ముఖంలో ఏదో ఆరిపోయింది, కిటికీ వైపు చూసింది, రెండు చేతులతో నోరు మూసుకుంది, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా, చప్పుడు చేయకుండా లేచి వెళ్ళిపోయింది. కడుపునొప్పేమో అనుకుంది పెయ్‌లాన్. ఎంత తెలివి.

తర్వాత ఈ పది రోజులూ ఏమేమో అనుకుంది. గట్టిగా పొగిడితే బెదిరిందేమో. ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమో. నేనంటే విసుగేసిందేమో, ఈ ఆఖరి అనుమానం స్నానం చేసేటప్పుడూ అన్నం తినేటప్పుడూ వచ్చి కూర్చునేది. అవతలి మైకులో మళ్ళీ మేక అరిచింది. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో వస్తున్నారు, పెయ్‌లాన్ తెర మీదికి వంగింది. కానీ వచ్చింది ఓవయ్ కాదు, సినన్ కరో, ఆ బడిలో సాయంత్రాలు పిల్లల దగ్గర ఉండే ఊరి ఆవిడ. చిన్నపిల్లల కుర్చీలో ఆవిడ పట్టీపట్టకుండా కూర్చుంది, ఓవయ్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఒక చెవికే అందింది.

“అమ్మాయ్, పెయ్‌లాన్, ఏడుస్తున్నావా ఏంటి?”

“లేదండీ.”

“ముఖం అలాగే ఉందిలే. చూడూ, నీ లెక్క మంచిదే. బొమ్మ ఇంకా మంచిది, పడవ ముక్కు ఒక్కటి కొంచెం కిందికి వేశావు. కానీ చేపల నెలల్లో మేం సముద్రానికి పోయేవాణ్ణి ఎక్కడికని అడగం. ఎన్ని తెస్తావని అసలే అడగం. పట్టని చేపని లెక్కపెట్టం.”

పెయ్‌లాన్‌కు వెంటనే అర్థం కాలేదు, తర్వాత ఒక్కసారిగా అర్థమయింది. “ఎందుకని?” అంది, అర్థమైనా.

“వినేవాళ్ళు ఉంటారుగా.”

“ఎవరండీ?”

“ఉంటార్లేమ్మా,” అంది సినన్ కరో, ఊళ్ళో అందరికీ తెలిసిన చుట్టాల సంగతి దాటేసినట్టు. “మా ఆయన పడవ దింపేటప్పుడు మేకల్ని చూసొస్తానంటాడు. సరే, మేకల్ని బాగా చూడు అంటాను. చంటిపిల్లలక్కూడా తెలుసు ఆ మాట. ఈ పిల్లకీ తెలుసు, కానీ నీ లెక్క తేలిగ్గా వచ్చేసింది, ఆ సంబరంలో నోరు జారింది. ఆ రోజు నుంచి వాళ్ళ నాన్నకి చేప పడట్లేదు. మొన్న రాళ్ళ మీద జారి చెయ్యి కోసుకున్నాడు, పెద్ద దెబ్బేం కాదు, కట్టు కట్టారు. కానీ ఈ పిల్ల మనసులో పెట్టేసుకుంది. నేనే చెప్పేశా, రెండు రోజుల చేపలు నేనే ముందుగా చెప్పేశా అని. బడిలో అంకె పలకట్లేదు. ఇంట్లో ఎన్ని గిన్నెలు తేవాలో అడిగినా నోరు విప్పట్లేదట.”

పెయ్‌లాన్ హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకుంది.

“ఇక్కడే ఉంది, తలుపు అవతల,” అంది సినన్ కరో గొంతు తగ్గించి. “వస్తుంది, నిలబడుతుంది, లోపలికి రాదు. మొన్నా అంతే, గురువారమూ అంతే. హెడ్‌ఫోన్ తీసేసి శబ్దం బయటికి పెడతా. మాట్లాడు, వింటుంది. రమ్మని మాత్రం పిలవకు.” కుర్చీ మళ్ళీ ఖాళీ అయ్యింది. ఈసారి తెర అంచున, తలుపు సందులో, ఒక రబ్బరు చెప్పు కొస కనబడింది, ఇంతసేపూ అక్కడే ఉందేమో.

వచ్చిందన్నమాట. రాలేదు రాలేదు అని తను పది రోజులు కుళ్ళిపోతుంటే ఆ పిల్ల ప్రతిసారీ వచ్చి, తలుపు అవతల నిలబడి, తను కుర్చీని పిలవడం చూస్తూ ఉంది. ఇదంతా ఉత్తదే ఓవయ్, చేపలకు లెక్కలు రావు అని చెప్పేయవచ్చు, శిక్షణలో ఎవరైనా అలాగే చెప్పమంటారేమో, కానీ చెప్పడానికి తనకు నోరెక్కడుంది. ఈ గది మూలన పెద్ద కంప్యూటరు పెట్టె నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఉంది. యంత్రం మాట వినాలని పెడతారు, ఆకుపచ్చదే పెట్టాలి, పసుపుది పెడితే అలిగి ఆగిపోతుంది, తేదీ దాటకముందే హ్వేవెన్ అక్క కొత్తది మారుస్తుంది, హ్వేవెన్ అక్క చదివేది కంప్యూటర్లలో పై చదువు. హాస్టల్లో తన గదిలో ఉండే అమ్మాయి నర్సు చదువు చదువుతోంది, ఆసుపత్రికి వెళ్ళే రోజు అనాసపండు ముట్టదు, ముట్టుకుంటే రోగులు కట్టలు తెంచుకు వస్తారట, ఇవాళ తీరుబడిగా ఉంది అనే మాట ఆ పిల్ల నోటివెంట చచ్చినా రాదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఇన్ని జాగ్రత్తలు పడుతుంటే, కొయ్యపడవ వేసుకుని చీకట్లో సముద్రం మీదికి పోయే మనిషి కూతురు నోరు అదుపులో పెట్టుకుంటే తప్పు వచ్చిందా.

నాన్న. తన నాన్న లారీ వేసుకుని తూర్పు తీరం కొండ దారిలో పోయేవాడు, ఇప్పటికీ పోతాడు. వాన పడితే ఆ దారి మీద రాళ్ళు దొర్లుతాయి. చిన్నప్పుడు ఒకసారి తను లారీ మెట్టు పట్టుకుని, “నాన్నా, రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తావు కదూ?” అంది. అమ్మ వెనకనుంచి తొడపాశం పెట్టింది, నీళ్ళు తిరిగాయి కళ్ళల్లో. అమ్మ ఎప్పుడూ నాన్నను ఎప్పుడొస్తావని అడగదు. మెల్లగా పో అంటుంది, అదొక్కటే, అని వెంటనే లోపలికి వెళ్ళి గుడ్డట్ల పెనం తోముతుంది, లారీ చప్పుడు సందు చివర పోయేదాకా తోముతూనే ఉంటుంది. అమ్మకు నాన్న మీద ప్రేమ తక్కువని పెయ్‌లాన్ చాలాకాలం అనుకుంది. పదో తరగతిలో స్నేహితురాలితో కూడా అంది, మా అమ్మానాన్నల మధ్య మాటల్లేవు అని. ఎంత మాట! ఈ పూటే ఫోను చేసి అడగాలి, అమ్మా, నువ్వు ఆ పెనం అంతలా ఎందుకు తోమేదానివి అని. అడిగితే చెప్పదు, అడగకూడదు కూడా.

రబ్బరు చెప్పు కొస కదిలింది. వెళ్ళిపోతోందా? పెయ్‌లాన్ నోరు తెరిచింది. నోటికొచ్చే పంతులమ్మల మాటలన్నీ రాబోయే రోజుల గురించే. వచ్చే వారం భాగహారాలు చేద్దాం. పరీక్షలో మంచి మార్కులొస్తాయి. పెద్దయ్యాక ఏమవుతావు? ఏడాదిగా తను ఆ పిల్లను ఇవే కదా అడుగుతూ వచ్చింది, సముద్రం పక్కన కూర్చోబెట్టి గట్టిగా అడుగుతూ వచ్చింది, పాపం ఆ పిల్ల “చాలా” అని తప్పించుకుంటూ వచ్చింది. జరగబోయేది వద్దు. అయిపోయింది చెప్పాలి. కడుపులో పడిపోయి, ఎవరు విన్నా ఇక ఏమీ చేయలేనిది చెప్పాలి.

“చలికాలంలో ఒక పిల్ల ఉండేది,” అంది పెయ్‌లాన్ కుర్చీతో. “లెక్కల పాఠం మధ్యలో చిలగడదుంపలు తినేది. నేను చూడట్లేదనుకునేది. ఒక మంగళవారం రెండు తింది. ఆ గురువారం ఒకటి తింది. మొత్తం మూడు.”

గాలి హోరు. పక్కవాడి పసుపు.

“ఒకటి కాదు,” అంది తలుపు సందు.

పెయ్‌లాన్ కుర్చీ అంచులు పట్టుకుంది. “ఒకటే. నేను చూశాను.”

“నువ్వు చూసింది ఒకటి. ఇంకోటి బల్ల కింద తిన్నా.”

“అయితే మొత్తం?”

మాట నోటినుంచి పోయాక నాలుక కరుచుకుంది, తొందరపడ్డానేమో అనుకుంది. తర్వాత చిన్నగా, గొంతులోంచి కాక ముక్కులోంచి, “నాలుగు. కానీ అవి తినేసినవి” అని వచ్చింది.

“తినేసినవే. పళ్ళు కూడా ఊడాయి ఆ పిల్లకి. రెండు.”

“మూడు!”

“రెండే. నాకు చూపించింది రెండే.”

“మూడోది మింగేశా అక్కా!”

“నమ్మను.”

ఇది మాత్రం ఓవయ్ ఓర్చుకోలేకపోయింది. చెప్పులు టపటపమన్నాయి, తెర మీద కుర్చీ మాయమైంది, సముద్రం మాయమైంది, ఒక నోరు వచ్చింది, వేలు పెట్టి పెదవి లాగి పట్టుకున్న నోరు, లోపల మూడు కిటికీలు, ఒకదాంట్లోంచి కొత్త పన్ను తెల్లగా తొంగిచూస్తోంది. పెయ్‌లాన్ నవ్వింది, నవ్వుతుంటే ముక్కులోంచి నీళ్ళొచ్చాయి, పక్కన కూర్చున్న అబ్బాయి కాగితం రుమాలు అందించి మళ్ళీ తన తెర వైపు తిరిగిపోయాడు. ఎంత బాగుంది ఆ నోరు, ఇంత దగ్గర్నుంచి ఇంత మసకగా, దుంప వాసన కూడా వచ్చినట్టే అనిపించింది. నోరు వెనక్కి జరిగి ముఖం అయ్యింది. చిక్కిపోయింది. జుట్టు దువ్వలేదు. కుర్చీలో పూర్తిగా కూర్చోలేదు, లేచి పారిపోవడానికి వీలుగా అంచున కూర్చుంది. పెయ్‌లాన్ నాన్న చెయ్యి ఎలా ఉంది అని అడగబోయి, మింగేసింది.

ఓవయే చెప్పింది. “నాన్న మేకల్ని చూడ్డానికి వెళ్ళాడు,” అంది, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా.

“అలాగా. మేకలు కులాసానా?”

ఓవయ్ ఆమెను కాసేపు పరీక్షగా చూసింది. “కులాసానే,” అంది. కుర్చీలో ఒక అంగుళం లోపలికి జరిగింది. తర్వాత తల వంచి బల్ల మీద గోటితో గీస్తూ, మైకుకు అందీ అందకుండా, “అక్కా, నేను చెప్పినందుకేనా?” అంది.

ఇదే. ఇంతసేపూ పెయ్‌లాన్ భయపడింది ఈ ప్రశ్నకే. కాదు అంటే వాళ్ళ నాయనమ్మను, నాన్నను, ఊరందరినీ కాదన్నట్టు. అవును అంటే ఈ పదేళ్ళ పిల్ల నెత్తి మీద సముద్రం మొత్తం పెట్టినట్టు. ఏ పుస్తకంలో చెప్పారు దీనికి జవాబు. చియాయీలో అమ్మ అయితే ఏమనేది? అమ్మ తిట్టేది, తిట్టి తప్పు తన మీద వేసుకునేది, ఎప్పుడూ అంతే చేసింది.

“ఎవరు చెప్పారు నువ్వు చెప్పావని?” అంది పెయ్‌లాన్. “లెక్క నాది. సోమవారం నాడే కూర్చుని కూడేసి పెట్టుకున్నా, జవాబు పక్కన రాసి కూడా పెట్టుకున్నా. నువ్వు పలికేసరికి అది ఒక రోజు పాతది. నా అంకె నాకు తిరిగి ఇచ్చావు, అంతే నువ్వు చేసింది. నోరు నాది ఓవయ్. తెలియక వాగాను. మీ నాన్నకి చెప్పు, ఆ పట్నం పిల్ల తెలివితక్కువదని చెప్పు.”

ఓవయ్ ఆలోచించింది. ఎంత జాగ్రత్తగా ఆలోచిస్తుందీ పిల్ల, ఇంత ఆలోచన భాగహారాల మీద పెడితే! “నీ నోరు అయితే,” అంది చివరికి, “ఆ కీడు మీ ఇంటికి రావాలి కదా. మీకు చేపలు పడకూడదు కదా.”

“మాకు చేపలెక్కడివి, మాది టిఫిను కొట్టు. అయినా వచ్చింది. మొన్న ఆదివారం మా అమ్మ ముల్లంగి రొట్టెలు పెనమంతా మాడిపోయాయి.” అబద్ధం కాదు, నిజంగానే మాడాయి, ఫోనులో తనతో మాట్లాడుతూ మాడ్చింది. “ఇరవైయ్యేళ్ళలో ఎప్పుడూ మాడలేదు.”

“అన్నీనా?”

“అన్నీ. బొగ్గులే.”

ఓవయ్ ముఖం ముందు సానుభూతితో సాగింది, పెయ్‌లాన్ వాళ్ళమ్మ కోసం, తర్వాత ఆ సానుభూతి కిందనుంచి ఇంకేదో తన్నుకొచ్చి బుగ్గలు ఉబ్బాయి, రెండు చేతులతో నోరు మూసుకుంది, ఈసారి నవ్వు ఆపుకోవడానికి. “పాపం అమ్మగారు!” అంది వేళ్ళ సందుల్లోంచి. వీపు ఆనించి కూర్చుంది. కాళ్ళు ఊపుతోందని భుజాల్ని చూస్తే తెలుస్తోంది. పెయ్‌లాన్‌కు ఇక ఏ లెక్కా చేయకపోయినా ఫరవాలేదనిపించింది, ఇక్కడే కూర్చుని ఆ భుజాలు ఊగుతుంటే చూస్తూ ఉంటే చాలు. తర్వాత చేశారు కూడా, పోయిన ఏడు పుట్టిన మేకపిల్లల్ని కూడారు, అరిగిపోయిన చెప్పుల్ని తీసేశారు, అడిగిన ప్రతిదానికీ ఓవయ్ ముందు “అయిపోయినవేనా?” అని రూఢి చేసుకుని మరీ జవాబు చెప్పింది. కిటికీలో సముద్రం నల్లబడింది, సముద్రం అని తెలియకుండా పోయింది. అక్కడ ఎక్కడో రెండు కొసలూ పైకి లేచిన పడవలో ఒక కట్టు కట్టిన చేయి ఉంటుంది, ఆ చేతి మనిషిని ఎవరు పిలిచినా ఈ పిల్ల పేరే పిలుస్తారు. పెయ్‌లాన్ ఆ ఆలోచన అక్కడితో ఆపేసింది, మనసులో కూడా గట్టిగా అనకూడదేమో.

గదిలో కుర్చీలు జరుగుతున్న చప్పుడు. పెద్ద తోడులందరూ తెరలకు చేతులూపుతున్నారు. హ్వేవెన్ అక్క వచ్చి వెనక నిలబడింది, ఓవయ్‌ని చూసి కనుబొమలు ఎగరేసి పెయ్‌లాన్ భుజం నొక్కింది. “వచ్చిందే! సరే, మంచిది. కానీ మధ్యలో మానేసిన పిల్లలు మళ్ళీ వస్తామని వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి, తెలుసుగా. పైవాళ్ళు అడుగుతారు. అడుగు, నా ఎదురుగానే అడుగు.”

పెయ్‌లాన్ అడగలేదు. హ్వేవెన్ అక్కే వంగి, మైకు తన వైపు లాక్కుని, చిన్నపిల్లలతో మాట్లాడే ముద్దుగొంతుతో, “ఓవయ్ తల్లీ, మంగళవారం వస్తావు కదూ?” అంది.

ఓవయ్ కాళ్ళు ఊపడం ఆగింది. కిటికీ వైపు ఓరగా చూసింది. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి, కెమెరాలోకి సూటిగా, పక్కవాడి పసుపు కూడా ఆగిపోయేంత గట్టిగా చెప్పింది.

“రాను. మంగళవారం నాకు నిద్రపోయే పని ఉంది. అస్సలు రాను.”

“అయ్యో,” అంది హ్వేవెన్ అక్క, నిజంగా నొచ్చుకుని, పిల్ల పేరు కొట్టేయడానికి చేతిలోని పలకలాంటి తెర మీద వేలు పెట్టబోయింది. పెయ్‌లాన్ ఆ మణికట్టు పట్టుకుంది, గట్టిగానే పట్టుకుంది. “ఉంచండక్కా. ఉంచండి, తర్వాత చెబుతాను,” అంది, కళ్ళు మాత్రం ఓవయ్ మీదే ఉన్నాయి. ఆ ముఖంలో ఒక్క గీత కదలడం లేదు, మేకల్ని చూడ్డానికి వెళ్ళిన మనిషి కూతురి ముఖం, ఊపిరి బిగపట్టి ఎదురుచూస్తోంది, ఈ పట్నం పిల్లకు ఇప్పటికైనా తెలిసిందా లేదా అని. పెయ్‌లాన్ మైకు తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

“నేను కూడా రాను,” అంది, అంతే గట్టిగా.